‘శయనం’ నుండి ‘ధర్మం’ దాకా: స్వలింగసంబంధాలపై బైబిలు వచనాలు – తెలుగు అనువాదపదాల వ్యాఖ్యాన పరిశీలన

వ్యాససంగ్రహం

పురుషులు పురుషులతో, స్త్రీలు స్త్రీలతో పెట్టుకొనే లైంగికసంబంధాల గురించి మాట్లాడినవిగా సాధారణంగా చూపే బైబిలు భాగాలు ఆరేడుకు మించవు. వాటి అర్థంపై గత డెబ్బై ఏళ్ళుగా సాగుతున్న పండితచర్చ ప్రధానంగా హీబ్రూ, గ్రీకు మూలాలమీద, ఇంగ్లీషు అనువాదాలమీద ఆధారపడింది. తెలుగు విశ్వాసి చదివే పదాలు వేరు. పురుషశయనము, పురుషసంయోగులు, ఆడంగితనము, కూడు, స్వాభావికమైన ధర్మము అనే మాటలకు తెలుగులో తమవైన చరిత్ర, ధ్వని ఉన్నాయి. తెలుగు ప్రొటెస్టెంటు సంఘాలలో విస్తృతంగా చదివే పాత అనువాదాన్ని ఆధారం చేసుకొని, ఈ పదాలు మూలాన్ని ఎక్కడ పట్టి చూపాయో, ఎక్కడ కొత్త అర్థాన్ని తెచ్చిపెట్టాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కతోలిక, ఆధునిక అనువాదాలు దీని పరిధిలో లేవు.

కీలకపదాలు: బైబిలు అనువాదం, వ్యాఖ్యానశాస్త్రం, స్వలింగసంబంధాలు, పౌలు పత్రికలు, సొదొమ, ధర్మం.

1. చర్చకు నేపథ్యం

ఆధునిక చర్చకు ఆరంభంగా 1955లో డెరిక్ షెర్విన్ బెయిలీ ప్రచురించిన గ్రంథాన్ని చెబుతారు. బెయిలీ ఆంగ్లికన్ గురువు. బ్రిటన్‌లో స్వలింగసంబంధాలను శిక్షార్హం చేసే చట్టంపై పునరాలోచన మొదలైన రోజులవి. వోల్ఫెండెన్ కమిటీ నివేదిక రెండేళ్ళ తరువాత, 1957లో వెలువడింది. అంటే ఈ వచనాల పునఃపఠనం మొదటినుండి చట్టంతో ముడిపడి ఉంది. 1980లో జాన్ బోస్వెల్, 1983లో రాబిన్ స్క్రాగ్స్, 1996లో బెర్నడెట్ బ్రూటెన్, 2001లో రాబర్ట్ గాగ్నన్ ప్రకటించిన గ్రంథాలు ఈ చర్చలో మైలురాళ్ళు. వీరిలో గాగ్నన్ సంప్రదాయ నిషేధాన్ని గట్టిగా సమర్థించాడు. బోస్వెల్ ఆ నిషేధానికి గ్రంథంలో ఆధారమే లేదన్నాడు. బ్రూటెన్ మార్గం వేరు: పౌలు ఖండించినది నిజమే, స్త్రీల మధ్య సంబంధాలనూ కలిపే ఖండించాడు, అయితే ఆ ఖండన వెనుక స్త్రీ పురుషునికి లోబడాలనే ప్రాచీన లింగవ్యవస్థ ఉంది కనుక నేటి సంఘం దాన్ని నెత్తిన పెట్టుకోనవసరం లేదని ఆమె వాదం.

బ్రూటెన్ చేసిన ఈ విభజన ముఖ్యమైనది. ‘వచనం ఏమంటున్నది’ అన్న ప్రశ్న వేరు, ‘సంఘం ఏం చేయాలి’ అన్న ప్రశ్న వేరు. రెండింటినీ కలిపేస్తే మొదటి ప్రశ్నకు నిజాయితీగల జవాబు దొరకదు. అనుకూలవాదులు పౌలు నోట తమకు ఇష్టమైన మాట పలికించాలని చూస్తారు. వ్యతిరేకవాదులు వచనంలో లేని స్పష్టతను అందులో చూస్తారు. ఈ వ్యాసం ప్రధానంగా మొదటి ప్రశ్నకే పరిమితం.

ఇంగ్లీషు బైబిలులో ‘హోమోసెక్సువల్స్’ అనే మాట 1946లో వచ్చిన రివైజ్డ్ స్టాండర్డ్ వెర్షన్ కొత్త నిబంధనతో ప్రవేశించింది. 1 కొరింథీ 6:9లోని రెండు వేరువేరు గ్రీకు పదాలను ఆ అనువాదకులు కలిపి ఆ ఒక్క మాటగా మార్చారు. 1971 కూర్పులో దాన్ని తొలగించి, లైంగిక వక్రత గలవారు అనే అర్థమిచ్చే మరో మాట పెట్టారు. అసలు ఆ పదానికి మూలమైన జర్మన్ మాటను 1869లో కార్ల్ మరియా కెర్ట్‌బెనీ తన కరపత్రంలో తొలిసారి అచ్చువేశాడు. ఒక మనిషికి స్థిరమైన లైంగిక స్వభావం ఉంటుందనే భావన ఆ పదంలో ఇమిడి ఉంది. మొదటి శతాబ్దపు పత్రికలో పందొమ్మిదో శతాబ్దపు భావనను చొప్పించడం అనువాదదోషమని ఇరుపక్షాలలోనూ చాలామంది ఒప్పుకొంటారు. తెలుగు పాత అనువాదం ఆ దోషానికి దూరంగా ఉండిపోయింది. అది ఆ భావన వ్యాప్తికి రాకముందు కుదురుకొన్న భాష కావడమే అందుకు కారణం.

2. పురుషశయనము – పురుషసంయోగులు

1 కొరింథీ 6:9లోనూ 1 తిమోతి 1:10లోనూ కనబడే గ్రీకు పదం ‘ఆర్సెనొకొయితై’. ‘ఆర్సెన్’ అంటే పురుషుడు, ‘కొయితే’ అంటే పడక, శయనం. పౌలుకు ముందు రాసిన గ్రీకు గ్రంథాలలో ఈ సమాసం దొరకలేదు. బోస్వెల్ దీన్ని పురుషవేశ్యలకు పరిమితం చేయబోయాడు. 1984లో డేవిడ్ రైట్ ఆ వాదాన్ని ఖండిస్తూ, లేవీయకాండం 18:22, 20:13 వచనాల ప్రాచీన గ్రీకు అనువాదంలో ‘ఆర్సెన్’, ‘కొయితే’ పదాలు రెండూ ఉన్నాయని చూపాడు. 20:13లోనైతే అవి పక్కపక్కనే ఉన్నాయి. పౌలు, లేదా అతనికి ముందున్న గ్రీకు మాట్లాడే యూదులు, ఆ వచనంనుండే ఈ మాటను అల్లారన్నది బలమైన ఊహ. దీనిని కాదనడానికి ఇప్పటిదాకా వచ్చిన వాదాలు అంత నిలకడగా లేవు.

తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒక విశేషం కనబడుతుంది. లేవీయకాండం 18:22ను పాత అనువాదం ‘స్త్రీశయనము’, ‘పురుషశయనము’ అనే రెండు సమాసాలతో నిర్వహించింది. ‘పురుషశయనము’ అనేది ‘ఆర్సెన్’, ‘కొయితే’ల కలయికకు అచ్చమైన ప్రతిరూపం. కింగ్ జేమ్స్ ఇంగ్లీషులో ఈ బంధుత్వం కనబడదు. తెలుగులో ఒక్క అడుగు దూరంలో ఆగింది. కొరింథీ పత్రికకు వచ్చేసరికి అనువాదకులు ‘శయనం’ వదలి ‘పురుషసంయోగులు’ అన్నారు. అక్కడ కూడా ‘శయనం’ నిలిచి ఉంటే, రైట్ గ్రీకు పుటలు తిరగేసి చూపిన సంబంధం తెలుగు విశ్వాసికి చెవితోనే తెలిసేది.

అయితే ‘సంయోగం’ ఎన్నికను తక్కువ చేయనక్కరలేదు. తెలుగు సాహిత్యవిద్యార్థికి సంయోగం శృంగారపరిభాషలో విప్రలంభానికి ప్రతియోగి. వ్యాకరణంలో హల్లుల కలయికకు కూడా అదే పేరు. ఆ పదంలో నిందగాని హింసగాని లేవు. కింగ్ జేమ్స్ అనువాదం ఇదే పదాన్ని తమను తాము దుర్వినియోగం చేసుకొనేవారు అనే ధోరణిలో తిప్పింది. లూథరు జర్మన్ బాలురను చెరిచేవారు అన్నది. తెలుగు మాట వాటికంటె మూలానికి దగ్గరగానూ నిష్పక్షంగానూ ఉంది. అది పనికి పేరు పెట్టింది, స్వభావానికి పెట్టలేదు. కాకపోతే ‘ఇన్’ ప్రత్యయాంతమైన ‘సంయోగి’ రూపం ఆ పనికి అలవాటుపడినవాడు అనే ఛాయను తెస్తుంది. ఆ సన్నని సందులోంచే నేటి బోధకుడు ‘స్వలింగ సంపర్కులు’ అనే పత్రికాభాషను లోపలికి తెచ్చుకొంటున్నాడు.

తిమోతి పత్రికలో ఈ మాట తరువాత వచ్చేది ‘మనుష్యచోరులు’. గ్రీకులో ఆ పదం మనుషులను పట్టి బానిసలుగా అమ్మేవారికి చెల్లుతుంది. వరుసలోని మూడు పదాలను కలిపి చదివిన స్క్రాగ్స్, అవి బానిసబాలుర వేశ్యావృత్తినీ, వారిని వాడుకొనేవారినీ, వారిని సరఫరా చేసే వ్యాపారులనూ సూచిస్తాయన్నాడు. పౌలు ఎరిగిన స్వలింగసంబంధమంతా ఆ పెద్దవాడు–బాలుడు నమూనాయేనన్న అతని విస్తృతవాదం నిలవదు. రోమా పత్రికలో స్త్రీల ప్రస్తావన ఒక్కటే దానికి అడ్డు. తిమోతి జాబితావరకు మాత్రం అతని పఠనం ఆలోచించదగినదే. ‘మనుష్యచోరులు’ అన్నప్పుడు తెలుగు పాఠకుడికి పిల్లలనెత్తుకుపోయేవాడు స్ఫురిస్తాడుగాని బానిససంత స్ఫురించదు.

3. ఆడంగితనము

కొరింథీ వచనంలో దీనికి ముందున్న పదం ‘మలకొయ్’. మెత్తనివారు అని అక్షరార్థం. ఇదే విశేషణం మత్తయి 11:8లో రాజగృహాలలోనివారి బట్టలకు వాడబడింది. అక్కడ తెలుగువారు దాన్ని ‘సన్నపు’ బట్టలన్నారు. బట్టకు సన్నదనమైనది మనిషికి వచ్చేసరికి ‘ఆడంగితనము’ అయింది.

ఈ అనువాదం తప్పని చెప్పలేము. 1996లో డేల్ మార్టిన్ రాసిన వ్యాసం ఈ పదం ప్రాచీన గ్రీకులో ఎంత విస్తృతమో చూపింది. సుఖలాలస, సోమరితనం, పిరికితనం, అలంకారప్రీతి, చివరికి స్త్రీలపై మితిమీరిన మోజు కూడా ‘మెత్తదనమే’. వీటన్నిటినీ కలిపే సూత్రం ఒక్కటే: స్త్రీకి ఆపాదించే లక్షణం పురుషుడిలో ఉండటం. ఇంగ్లీషు అనువాదాలు తరువాతికాలంలో ‘పురుషవేశ్యలు’ అని మార్చి ఈ స్త్రీద్వేషాన్ని మరుగుపరచాయి. ‘ఆడంగులు’ అంటే తెలుగులో స్త్రీలే. ‘ఆడంగితనము’ అన్న మాట ఆ ద్వేషాన్ని దాచకుండా బయట పెట్టింది. ఆ విధంగా అది మూలానికి ఇంగ్లీషుకన్న విధేయం.

విధేయమైన అనువాదం చేసే హాని కూడా విధేయంగానే ఉంటుంది. ఇంగ్లీషు పాఠకుడు ఈ వచనంలో ఒక లైంగికచర్యను చూస్తే, తెలుగు పాఠకుడు ఒక నడకను, ఒక గొంతును, ఒక కట్టుబొట్టును చూస్తాడు. తెలుగునాట ‘ఆడంగి’ అనేది వీధిలో వేసే తిట్టు. హిజ్రాలను, ట్రాన్స్ స్త్రీలను, మృదువుగా మాట్లాడే మగపిల్లలను ఎద్దేవా చేసే మాట. అది దేవుని రాజ్యానికి వారసులు కానివారి జాబితాలో ఉన్నదని వినే పదహారేళ్ళ పిల్లవాడికి తాను ఏ పనీ చేయకముందే తీర్పు వచ్చినట్లవుతుంది. 2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల లింగగుర్తింపును హక్కుగా అంగీకరించింది. ఆ తీర్పు వచ్చిన దేశంలో ఈ ఒక్క పదంపై తెలుగు బోధకులకు చిన్న వివరణైనా అవసరం. జాబితాలో దాని పక్కనే ఉన్న ‘లోభులు’ అనే మాటపై ప్రసంగాలు ఎంత అరుదో గుర్తు చేసుకొంటే, ఏ పదం ఎవరిమీద పడుతుందో నిర్ణయించేది వచనం ఒక్కటే కాదని తెలుస్తుంది.

4. సొదొమ: కూడుట, ఎరుగుట

ఆదికాండం 19లో సొదొమ పురుషులు లోతు ఇంటికి వచ్చిన అతిథులను బయటికి పంపమంటారు. ఎందుకు? హీబ్రూ క్రియ ‘యాదా’, అంటే ఎరుగు. అది పరిచయమూ కావచ్చు, సంగమమూ కావచ్చు. బెయిలీ మొదటి అర్థాన్ని పట్టుకొని, ఊరివారు పరాయివారెవరో విచారించాలన్నారంతే అన్నాడు. ఆ వెంటనే లోతు తన కుమార్తెలను ఇవ్వజూపడం ఆ వాదాన్ని పడగొడుతుంది. తెలుగు అనువాదం ఇక్కడ ‘కూడు’ అని తేల్చింది. ఆదాము హవ్వల విషయంలో వాడిన క్రియ కూడా అదే. ఆశ్చర్యమేమంటే, ఇదే కథకు కవలవంటి న్యాయాధిపతులు 19:22లో అదే హీబ్రూ క్రియను అదే అనువాదం ‘ఎరుగు’గా ఉంచింది. గిబియాలో చివరికి బలయినది ఒక స్త్రీ. రెండు కథల్లోనూ మూక కోరినది అతిథిపై సామూహిక అత్యాచారం. సొదొమ పేరు మగవారి సంబంధాలకు స్థిరపడింది, గిబియా పేరు దేనికీ స్థిరపడలేదు.

బైబిలు లోపలే సొదొమకు వ్యాఖ్యానాలు ఉన్నాయి. యెహెజ్కేలు 16:49 ఆ పట్టణపు దోషంగా గర్వాన్ని, తిండిపుష్టిని, దరిద్రులకు చేయూతనివ్వకపోవడాన్ని చెప్పింది. తరువాతి వచనంలోని హేయక్రియల ప్రస్తావనను గాగ్నన్ లేవీయకాండంతో ముడిపెడతాడు. ఆ ముడి సాధ్యమే, తప్పనిసరి కాదు. యూదా పత్రిక 7వ వచనం సొదొమవారిని ‘పరశరీరానుసారులు’ అన్నది. గ్రీకులో ఆ ‘పర’ శబ్దం ‘హెటెరొస్’. ఇంగ్లీషులో భిన్నలింగాసక్తిని చెప్పే పదానికి అదే మూలం కావడం భాష చేసిన చమత్కారం. వచ్చిన అతిథులు దేవదూతలు కనుక ‘పరశరీరం’ అంటే మానవేతర శరీరమని చాలామంది వ్యాఖ్యాతలు గ్రహిస్తారు. ఈ వచనంలో తెలుగు అనువాదం మూలాన్ని చక్కగా కాపాడింది.

5. స్వాభావికమైన ధర్మము

అసలు చిక్కు రోమా 1:26–27 దగ్గర ఉంది. సంప్రదాయవాదులకు ఇది అన్నిటికన్న బలమైన వచనం, న్యాయంగానే. స్త్రీలను, పురుషులను ఇద్దరినీ చెప్పింది. పరస్పరం రగిలిన కోరికను చెప్పింది. ఆదికాండపు సృష్టికథలోని స్త్రీపురుష పదాలను ప్రతిధ్వనించింది. పౌలు ఇక్కడ ఆమోదంగా మాట్లాడాడనేవారు ఎవరూ లేరు.

గ్రీకులో స్త్రీపురుషులు విడిచిపెట్టినదాన్ని పౌలు ‘ఫ్యూసికే ఖ్రేసిస్’ అన్నాడు. ‘ఖ్రేసిస్’ అంటే వాడకం, ఉపయోగం. కింగ్ జేమ్స్ కూడా స్వాభావిక ఉపయోగమనే అన్నది. తెలుగు అనువాదం ఈ మాటను ‘ధర్మము’ చేసింది. ఒక మొరటు వాడుకమాటను భారతీయ చింతనలోని అత్యున్నత పదంతో మార్చడం చిన్న విషయం కాదు. ‘స్త్రీ ఉపయోగం’ అనడానికి అనువాదకుల నోరు రాలేదేమో. ఆ మొహమాటం అర్థంచేసుకోదగినదే. కానీ దాని పర్యవసానాలు రెండున్నాయి.

మొదటిది వ్యాకరణసంబంధి. గ్రీకులో పురుషులు విడిచినది స్త్రీని వాడుకొనే స్వాభావికరీతిని. అక్కడ స్త్రీ కర్మస్థానంలో ఉంది. తెలుగులో ఆ షష్ఠి తారుమారై, అది స్త్రీకే చెందిన ధర్మంగా వినిపిస్తుంది. పురుషులు స్త్రీధర్మాన్ని విడవడమేమిటన్న ప్రశ్న పాఠకుడికి రావాలి, రాదు. ఎందుకంటే స్త్రీధర్మం అనే సమాసం మన చెవికి ఎంతో పరిచితం. పౌలు వాక్యంలోని ప్రాచీన పురుషదృష్టి, అంటే బ్రూటెన్ వాదానికి ఆయువుపట్టైన అంశం, ఈ ఒక్క పదంతో అదృశ్యమైంది.

రెండవది ఇంకా లోతైనది. ధర్మం అన్న మాటతో స్వధర్మం, పరధర్మం, కులధర్మం, వర్ణాశ్రమధర్మం అన్నీ కదలివస్తాయి. స్వభావంనుండి ధర్మం పుడుతుందని, దాన్ని విడవడం పతనమని చెప్పే ఆలోచన ఈ నేలమీద ఎవరిని ఏ స్థానంలో ఉంచిందో దళితక్రైస్తవ పాఠకుడికి వేరే చెప్పనక్కరలేదు. ఆ ఆలోచననుండి బయటపడేందుకు సువార్తను స్వీకరించిన సమూహాలు, ఈ వచనం దగ్గరకు వచ్చేసరికి దానినే దేవుని మాటగా వింటున్నాయి. పైగా అనువాదం ‘స్వాభావిక విరుద్ధమైన ధర్మము’ అని కూడా అన్నది. స్వభావానికి విరుద్ధమైనదాన్ని సైతం ధర్మమనవలసిరావడం, ఆ పదం ఇక్కడ ఇమడలేదనడానికి అనువాదం తనంతట తానిచ్చిన సాక్ష్యం.

‘స్వభావం’ అన్న పదాన్ని పౌలు మరికొన్ని చోట్లా వాడాడు. 1 కొరింథీ 11:14లో పురుషుడు తలవెండ్రుకలు పెంచుకోవడం అవమానమని స్వభావమే బోధిస్తుందన్నాడు. అక్కడ దాదాపు అన్ని సంఘాలూ దాన్ని ఆనాటి ఆచారంగా తీసుకొంటాయి. రోమా 11:24లో దేవుడు అన్యజనులనే అడవి ఒలీవకొమ్మను మంచి ఒలీవకు ‘స్వభావవిరుద్ధముగా’ అంటుకట్టాడన్నాడు. గ్రీకులో మొదటి అధ్యాయంలోనూ ఇక్కడా అదే పదబంధం, ‘పరా ఫ్యూసిన్’. యూజీన్ రోజర్స్ వంటి వేదాంతులు దీనిని ఆధారంగా చేసుకొని, స్వభావాన్ని దాటి చేర్చుకోవడం దేవుని కృపకే లక్షణమని వాదించారు. తోటపనిలోని ఉపమానం నీతిసూత్రానికి ప్రమాణం కాదని సంప్రదాయవాదుల సమాధానం. ఆ సమాధానంలో బలముంది. అయితే పదబంధపు అర్థాన్ని సందర్భమే నిర్ణయిస్తుందని ఒప్పుకొన్నాక, మొదటి అధ్యాయంలో మాత్రం ఆ పదబంధం ఒంటరిగా నిలబడి వాదం గెలిపిస్తుందనడానికి వీలుండదు.

ఆ సందర్భం ఏమిటి? విగ్రహారాధన చేసే అన్యజనులను పౌలు ఏకరువు పెడుతుంటే, వినే యూదుడు తల ఊపుతుంటాడు. సరిగ్గా అప్పుడు 2:1లో పౌలు అతనివైపే తిరిగి, తీర్పు తీర్చే నువ్వూ నిరుత్తరుడివే అంటాడు. నేటి అధ్యాయవిభజన పదమూడో శతాబ్దంలో స్థిరపడింది. పౌలుకు అది తెలియదు. ప్రసంగం మొదటి అధ్యాయంతో ముగిస్తే ఉచ్చు బిగించి వదలినట్లే. అది బిగుసుకొనేది తీర్పరి మెడకన్న సంగతి మాత్రం రెండో అధ్యాయంలోనే తెలుస్తుంది.

ఇక్కడ చట్టాన్ని మరోసారి తలచుకోవాలి. 1533నాటి ఇంగ్లండు శాసనపు సంప్రదాయంనుండి మెకాలే బృందపు ముసాయిదా మీదుగా 1860 భారత శిక్షాస్మృతిలోకి వచ్చిన 377వ సెక్షను ‘ప్రకృతిక్రమానికి విరుద్ధమైన’ సంభోగాన్ని నేరంగా చెప్పింది. ఆ సెక్షను న్యాయస్థానాలలో ప్రశ్నకు గురయినప్పుడు దాన్ని సమర్థించిన పక్షాలలో కొన్ని క్రైస్తవసంస్థలూ ఉన్నాయి. 2018 సెప్టెంబరు 6న నవ్‌తేజ్ సింగ్ జోహర్ తీర్పు వయోజనుల పరస్పరాంగీకార సంబంధాలను ఆ సెక్షనునుండి తప్పించింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో అది అసలు లేనేలేదు. చట్టం వదలివేసిన ‘ప్రకృతివిరుద్ధం’ అనే మాటకు వేదిక మీద ‘స్వాభావిక విరుద్ధం’ తోడుగా ఉంది. రెండూ ఒకే మాటని వినేవారు అనుకొంటారు. ఒకటి వలసపాలకుల శాసనభాష, రెండవది స్తోయికుల పరిభాషను వాడుకొన్న ఒక యూదుడి అలంకారఘటితమైన వాదం.

6. షండుడు, నపుంసకుడు

ద్వితీయోపదేశకాండం 23:1 వృషణాలు నలిగినవాడిని దేవుని సమాజంలోకి రానివ్వరాదన్నది. యెషయా 56 ఆ శాసనాన్ని ఎదుట పెట్టుకొనే, షండుడు తనను తాను ఎండినచెట్టు అనుకోనక్కరలేదని, కుమారులు కుమార్తెలకంటె శ్రేష్ఠమైన పేరు అతనికి ఆలయంలోనే దొరుకుతుందని ప్రకటించింది. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడైన నపుంసకుడు రథంలో కూర్చొని చదువుతున్నది ఆ యెషయా గ్రంథాన్నే. ఆ రోజు అతడు చదువుతున్న భాగం మనం 53వ అధ్యాయమనేది. చుట్టను ఇంకాస్త విప్పితే తన గురించిన మాట వస్తుంది. నాకు బాప్తిస్మానికి అడ్డేమిటని అతడు అడగడంలో ఆ పాత నిషేధపు నీడ ఉంది.

షండులకూ స్వలింగసంబంధాలకూ ముడిపెట్టడం ఇక్కడి ఉద్దేశం కాదు. రెండూ వేరు విషయాలు. గమనించవలసింది పద్ధతి. లేఖనం లోపలే ఒక గ్రంథం మరో గ్రంథపు నిషేధాన్ని తిరిగి చదివి, గుమ్మం తెరిచింది. 1996లో కొత్త నిబంధన నీతిశాస్త్రంపై రాస్తూ స్వలింగసంబంధాలపై సంప్రదాయ నిర్ణయాన్నే సమర్థించిన రిచర్డ్ హేస్, 2024లో కుమారుడు క్రిస్టఫర్ హేస్‌తో కలిసి ప్రచురించిన గ్రంథంలో తన అభిప్రాయాన్ని మార్చుకొన్నాడు. ఆరేడు వచనాల అర్థం మారిందని అతడు అనలేదు. దేవుని కరుణ పరిధి విస్తరిస్తూ పోవడమే బైబిలు కథనమంతటా ఉన్న దిశ అన్నాడు. విమర్శకులు దీన్ని తప్పించుకొనే మార్గమన్నారు. ఆ దిశను ఏ విషయానికి వర్తింపజేయాలో నిర్ణయించే ప్రమాణం ఏదన్న వారి ప్రశ్నకు ఆ గ్రంథం పూర్తి జవాబు ఇవ్వలేకపోయిందన్నది నిజమే. షండుల విషయంలో ఆ ప్రమాణం యెషయాకు ఎక్కడినుండి వచ్చిందో విమర్శకులూ చెప్పలేరు.

తెలుగులో ఈ చర్చ మొదలుకావడానికి కూడా ఒక అనువాదసమస్య అడ్డుగా ఉంది. ప్రాచీన గ్రీకు యెషయాలోనూ అపొస్తలుల కార్యములలోనూ ఉన్నది ఒకే పదం, ‘యునూఖొస్’. గ్రీకులో చదివినవాడికి ఆ వాగ్దానమూ ఆ బాప్తిస్మమూ ఒకే తీగకు పూసినట్లు కనబడతాయి. పాత అనువాదంలో యెషయా పుటలో ‘షండుడు’, అపొస్తలుల పుటలో ‘నపుంసకుడు’ ఉన్నారు. ఇద్దరూ ఒకరేనని చెప్పే అధస్సూచిక అక్కడ లేదు.